వడ్డీ లెక్క తెలీదన్న వదిన, చీటీ లెక్క నోటికే చెప్పింది

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా ఎవరో ఒకరు పంపుతారు: 'ఉద్యోగం చేసినా ఆడవాళ్ళకి డబ్బు లెక్కలు రావట, సర్వేలే చెప్పాయి.' నాకు ఒళ్ళు మండుతుంది. తేడా ఉన్నమాట నిజమే. ఎస్ అండ్ పీ అనే రేటింగ్ సంస్థ 2014లో ప్రపంచమంతా డబ్బు లెక్కల ప్రశ్నలు అడిగితే గట్టెక్కింది మగవాళ్ళలో 35 శాతం, ఆడవాళ్ళలో 30. అంటే మగవాళ్ళూ మూడింట ఇద్దరు తప్పారు! ఆ ముక్క ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

[స్క్రీన్ మీద ప్రశ్న]

ఇలాంటి సర్వేల్లో తరచూ వాడే మూడు ప్రశ్నలున్నాయి. లుసార్డి, మిచెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తయారుచేశారు. మొదటిది: బ్యాంకులో 100 ఉంది, ఏడాదికి 2 శాతం వడ్డీ. ముట్టుకోకపోతే ఐదేళ్ళకి 102 కంటే ఎక్కువా, సరిగ్గా 102 ఉంటుందా, తక్కువా? 'తెలీదు' అనీ చెప్పొచ్చు.

మా వదిన టీచర్. అడిగితే, "నాకేం తెలుసు, మీ అన్నయ్యనడుగు" అంది. అన్నయ్య ఫోన్లోంచి తలెత్తకుండానే "102" అన్నాడు. తప్పు. వడ్డీ ఐదేళ్ళూ పడుతుంది కదా స్వామీ, 110 దాటుతుంది.

ఇప్పుడు అదే వదిన చీటీ చూడండి. ఇరవై మంది, నెలకి 5,000, చీటీ లక్ష. మొన్న ఒకాయన 20,000 తగ్గించి పాడుకున్నాడు. వదిన బెండకాయలు తరుగుతూనే చెప్పేసింది: "కమీషన్ 5,000 పోను 15,000. తలకి 750. ఈ నెల 4,250 కడితే చాలు." సర్వేలో మాత్రం ఈమెకి సున్నా. 'తెలీదు' అంటే మార్కు రాదు మరి.

నెదర్లాండ్స్‌లో పరిశోధకులు అవే ప్రశ్నలు అదే మనుషుల్ని రెండుసార్లు అడిగారు. రెండోసారి 'తెలీదు' తీసేశారు. ముందు తెలీదన్న ఆడవాళ్ళలో చాలామంది సరైన జవాబే పెట్టారు. 2021లో వాళ్ళు తేల్చింది, తేడాలో సుమారు మూడోవంతు ధైర్యం చాలకపోవడమేనని. మిగతాది నిజంగా తెలియకపోవడమే, దాచను. ఆ మూడింట్లో ఇంకోటి, ఒకే కంపెనీ షేరు సేఫా, చాలా కంపెనీల షేర్లు కలిపి కొనే మ్యూచువల్ ఫండా అంటే వదిన తెల్లమొహం వేసింది. చీటీ తన చేతిలో ఉంది, షేర్లుండే డీమ్యాట్ ఖాతా అన్నయ్య చేతిలో. వదిన టాక్స్ డిక్లరేషన్ కూడా ఆయనే నింపి సంతకం పెట్టించుకుంటాడు!

టైమ్ అయిపోయింది, మిగిలిన ప్రశ్న గబగబా. వడ్డీ 1 శాతం, ధరలు 2 శాతం పెరిగాయి. ఏడాది తర్వాత ఆ డబ్బుకి సరుకులు ఎక్కువొస్తాయా, తక్కువా? కామెంట్లో రాయండి. 'తెలీదు' అని రాస్తే డిలీట్ చేస్తా. వదిన మాత్రం నవ్వింది: "టమాటాలు కొనేవాళ్ళని అడగాల్సిన ప్రశ్నేనా ఇది?"