నీళ్లు ఎటు పోతాయి?

శ్రోతలందరికీ నమస్కారం.

అణు వ్యర్థాలు అనగానే మనకు గుర్తొచ్చేది రేడియేషన్. ఈరోజు నేను మాట్లాడబోయేది మాత్రం నీళ్ల గురించి. భూమిలో లోతుగా పాతిన రేడియోధార్మిక పదార్థం తనంతట తాను నడిచి మన బావిలోకి రాదు. దాన్ని మోసుకొచ్చేది చాలావరకు నీరే. అందుకే పాతే చోటు వెతికేవాళ్లు ముందుగా అడగాల్సింది ఒకటే. ఇక్కడ నీళ్లు ఎటు నుంచి వస్తాయి? ఎటు పోతాయి?

ఈ ప్రశ్నను పట్టించుకోకపోతే ఏమవుతుందో జర్మనీలో చూడాలి. అక్కడ లోయర్ శాక్సనీ రాష్ట్రంలో ఆస్సె అనే కొండల కింద ఒక ఉప్పు గని ఉంది. 1909 నుంచి 1964 దాకా అందులో పొటాష్, ఉప్పు తవ్వారు. 1965లో ఆ గనిని ప్రభుత్వం కొనేసింది, అణు వ్యర్థాలు దాచడానికి.

ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారు? అందులో తెలివి లేకపోలేదు. నీరు తగిలితే ఉప్పు కరిగిపోతుంది కదా. కోట్ల ఏళ్లుగా ఆ పొర అలాగే ఉందంటే అక్కడికి నీరు చేరలేదన్నమాట. పైగా అంత లోతులో ఒత్తిడికి ఉప్పు మెల్లగా కదిలి, పగుళ్లను తానే పూడ్చుకుంటుంది. లెక్క బాగానే ఉంది. కానీ అది మనిషి చెయ్యి పడని ఉప్పుకు సరిపోయే లెక్క. ఆస్సె గని అప్పటికే డొల్ల. దక్షిణం వైపునైతే పక్కనున్న రాతి పొరకు కొన్ని మీటర్ల దూరం దాకా తవ్వేశారు.

ఇంకో సంగతి వినండి. అదే కొండల్లో అంతకుముందు తవ్విన మొదటి గని 1906లోనే నీళ్లు నిండి మూతపడింది. ఆ తర్వాత మరో గని కూడా అలాగే మునిగింది. పక్కన రెండు గనులు మునిగిన చోట మూడోదాన్ని నమ్మారు! ఎందుకంటే అది సిద్ధంగా ఉంది. దొరికిన చోటు వేరు, ఎంచుకున్న చోటు వేరు.

1967 నుంచి 1978 దాకా సుమారు 1,26,000 డ్రమ్ములు అందులోకి దించారు. పేరుకు అది పరిశోధన. మొదట్లో డ్రమ్ములను వరుసగా పేర్చేవారు. తర్వాత తర్వాత యంత్రంతో ఎత్తి గదిలోకి దొర్లించి, పైన ఉప్పు కప్పేశారు. ఆ ఫోటోలు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

1988లో నీళ్లు రావడం గమనించారు. ఏళ్ల తరబడి రోజుకు సుమారు 12 వేల లీటర్లు! అందులో ఎక్కువ భాగాన్ని డ్రమ్ముల దాకా పోకముందే పట్టి పైకి తోడారు. చివరికి 2013లో, పాతిందంతా తిరిగి బయటకు తీయాలని చట్టం చేశారు. ఆ పని 2033లో మొదలుపెట్టాలని అనుకున్నారు. పాతడానికి పట్టింది పదకొండేళ్లు.

ఫిన్లాండ్ వాళ్లు దీనికి పూర్తిగా భిన్నంగా చేశారు. 1983లో వెతకడం మొదలుపెట్టి, దేశమంతా గాలించి, దాదాపు 190 కోట్ల ఏళ్ల నాటి రాతిని ఎంచుకున్నారు. అక్కడ 400 మీటర్లకు మించిన లోతులో ఓంకాలో అనే సొరంగం తవ్వారు. అణు రియాక్టర్లలో వాడేసిన ఇంధనాన్ని రాగి డబ్బాల్లో పెట్టి, చుట్టూ బెంటొనైట్ మట్టి దట్టిస్తారు. ఆ మట్టి తడి తగిలితే ఉబ్బి నీటి దారి మూసేస్తుంది. అయితే నాకు రాయి కన్నా గొప్పగా అనిపించింది వాళ్ల పద్ధతి. వద్దని చెప్పే హక్కు అక్కడి స్థానిక మున్సిపాలిటీకి ఉంది. 2000లో ఆ కౌన్సిల్లో ఓటు పెడితే 20 మంది సరే అన్నారు, ఏడుగురు వద్దన్నారు.

మన దగ్గర కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. అక్కడి సమస్య వేరు. అది ఖనిజం శుద్ధి చేశాక మిగిలే వ్యర్థాల చెరువు. కానీ రైతుల ఫిర్యాదు మళ్లీ నీళ్ల గురించే, బోరు నీళ్ల గురించే.

సమయం అయిపోతోంది కాబట్టి ఒక్క పని చెప్పి ముగిస్తాను. మీ ప్రాంతానికి ఏదైనా పెద్ద ప్రాజెక్టు వస్తోందని ప్రజాభిప్రాయ సేకరణకు నోటీసు పడితే, పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో అడిగి తీసుకోండి. భూగర్భజలం ఎటు పారుతుందో అందులో ఉందో లేదో చూడండి. ఆ పని మొదలు కాకముందే మీ బోరు నీటిని ల్యాబులో పరీక్ష చేయించండి. నమూనా ఎక్కడ, ఏ తేదీన తీశారో ఆ కాగితం మీద రాయించుకోండి. రేపు నీళ్లు మారాయని మీరంటే, ముందు ఎలా ఉండేవని అడుగుతారు. అప్పుడు చూపించాల్సింది ఆ కాగితమే.