చూసింది వేరు, రాసింది వేరు

వేదిక మీది పెద్దలకు, ప్రధానోపాధ్యాయులకు, ప్రిన్సిపాళ్లకు నమస్కారం.

టీచర్ల పనితీరును న్యాయంగా, సరిగ్గా అంచనా వేసేలా ప్రిన్సిపాళ్లకు శిక్షణ ఎలా ఇవ్వాలన్నది ఇవాళ నాకిచ్చిన అంశం. శిక్షణంటే ఫారం నింపడం నేర్పడమే అని చాలామంది అనుకుంటారు. ఫారం సంగతి గంటలో తేలిపోతుంది. తరగతి గదిలో వెనక బెంచీ మీద కూర్చుని ఏం చూడాలి, చూసింది ఎలా రాయాలి, రాసింది ఆ టీచరుకు ఎదురుగా కూర్చుని ఎలా చెప్పాలి, ఇవి మాత్రం అంత తేలిగ్గా రావు. మూడోదైతే కొందరికి పదవీ విరమణ దాకా రాదు.

అమెరికాలో 2009లో ద న్యూ టీచర్ ప్రాజెక్ట్ అనే సంస్థ నాలుగు రాష్ట్రాల్లో 12 స్కూల్ డిస్ట్రిక్టుల, అంటే బడులను నడిపే స్థానిక విభాగాల, లెక్కలు తీసింది. ‘సంతృప్తికరం’, ‘అసంతృప్తికరం’ అని రెండే గడులున్న చోట్ల 99 శాతం మందికి పైగా సంతృప్తికరమే. ఈ అంకెను అందరూ చెప్తారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే నివేదికలోని ఇంకో అంకె. మెరుగుపరచుకోవాల్సిన విషయం ఒక్కటీ తమ చివరి మదింపులో చూపించలేదని 73 శాతం టీచర్లు చెప్పారు. అంటే అందరూ బాగున్నారని రాసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఊరుకున్నారన్నమాట.

ఆ తర్వాత చాలా రాష్ట్రాలు నిబంధనలు మార్చాయి. రెండు గడులు నాలుగో ఐదో అయ్యాయి. క్రాఫ్ట్, గిల్మోర్ అనే పరిశోధకులు 24 రాష్ట్రాల లెక్కలు చూసి 2017లో ప్రచురించారు. ఎక్కువ రాష్ట్రాల్లో అట్టడుగు రేటింగ్ వచ్చినవారు ఒక్క శాతం కూడా లేరు. గడులు పెరిగాయి, చెయ్యి అలవాటు మారలేదు. వాళ్లు ఒక నగరంలో మదింపు చేసేవారినే అడిగి చూశారు. తమ బడిలో పని సరిగ్గా లేదని వాళ్లు మనసులో అనుకున్న టీచర్ల సంఖ్య, కాగితం మీద అలా రాసిన సంఖ్యకు మూడు రెట్లకు పైనే!

కారణాలు మీకు నేను చెప్పాలా? తక్కువ రేటింగ్ వేస్తే దానికి తగ్గ ఆధారాలు, మళ్లీ మళ్లీ పరిశీలనలు, ఫైళ్లు. ఆ టీచరు వెళ్లిపోతే ఇంకొకరు దొరుకుతారన్న నమ్మకం లేదు. కొత్తగా చేరిన కుర్ర టీచరైతే మొదట్లోనే మనసు విరిచెయ్యడం ఎందుకన్న జాలి. రోజూ మొహమొహాలు చూసుకోవాలి కదా అన్న మొహమాటం. ఇందులో దురుద్దేశం ఏదీ లేదు. కానీ ఫలితం మాత్రం పాము చావకుండా, కర్ర విరగకుండా రాసిన నివేదిక.

అందుకే నేననేది, మనం రెండు వేరువేరు జబ్బులకు ఒకే మందు ఇస్తున్నాం. ఒకటి సరిగ్గా చూడలేకపోవడం. రెండోది చూసీ రాయలేకపోవడం. మొదటిదానికే శిక్షణ ఇచ్చి, రెండోది దానంతటదే కుదురుకుంటుందని వదిలేస్తున్నాం.

మొదటిదాని సంగతి చూద్దాం. జేకబ్, లెఫ్‌గ్రెన్ అనే పరిశోధకులు 2008లో చూపించినదాన్ని బట్టి, పిల్లలకు అందరికన్నా బాగా నేర్పించే టీచర్లెవరో, అందరికన్నా వెనకబడ్డవారెవరో ప్రిన్సిపాళ్లు బాగానే చెప్పగలరు. మధ్యలో ఉన్నవాళ్ల దగ్గర తడబడతారు. మన బడుల్లో ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు! అక్కడే ముఖం చూసి బొట్టు పెట్టే ప్రమాదం. చక్కగా మాట్లాడి, వేళకు వచ్చి, చెప్పిన పని చేసే టీచరుకు పాఠం చెప్పడంలోనూ మంచి మార్కులు పడిపోతాయి. ఒక మంచి గుణం మిగతావాటికీ అంటుకోవడాన్ని థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే సైనికాధికారుల రేటింగుల్లో చూపించాడు. ఇంకో సంగతి: చదువులో ముందున్న పిల్లలు దొరికిన టీచర్లకు పరిశీలన మార్కులు ఎక్కువ పడుతున్నాయని అమెరికాలోని బ్రూకింగ్స్ పరిశోధన సంస్థ 2014లో తేల్చింది. వెనకబడ్డ సెక్షన్ తీసుకున్న పాపానికి మార్కులు పోతే, రేపు ఆ సెక్షన్‌కి ఎవరు వెళ్తారు?

దీనికి నాకు తెలిసిన మంచి మందు, తీర్పును కాసేపు పక్కన పెట్టి రాసుకోవడం. ‘పిల్లలు చురుగ్గా పాల్గొన్నారు’ అన్నది తీర్పు. ‘భిన్నాల పాఠంలో పన్నెండు ప్రశ్నలు అడిగారు, తొమ్మిదింటికి ముందు వరుసలో ఇద్దరే చెప్పారు, మూడుసార్లు పిల్లలు నోరు విప్పకముందే టీచరే జవాబు చెప్పేశారు’ అన్నది ఆధారం. మొదటిది చదివిన టీచరు సంతకం పెట్టి వెళ్లిపోతారు. రెండోది చదివితే వాదిస్తారు, ఒప్పుకుంటారు, ఏదో ఒకటి చేస్తారు. తరగతిలో ఉన్నంతసేపూ విశేషణాలు రాయకూడదని నియమం పెట్టుకుని చూడండి, చెయ్యి ఎన్నిసార్లు ఆగిపోతుందో!

తర్వాత అందరి తూకపురాళ్లు ఒకటే బరువున్నాయో లేదో చూసుకోవాలి. ఒకే వీడియో పాఠం చూసి, ఎవరి మార్కులు వారు వేసి, ఆ తర్వాతే విప్పి చూసుకోవడం. అందరూ ఒకే మార్కు వేశామని సంబరపడకండి, అందరూ కలిసి పొరబడొచ్చు. 2011లో ఒక పరిశోధనలో వీడియోలు చూసి మంచి టీచర్లను గుర్తించమంటే, చూసినవాళ్ల మాట బాగా కలిసింది గానీ గుర్తింపు తప్పింది. కాబట్టి ప్రతి మార్కుకూ ‘ఏం చూసి వేశావు?’ అని అడిగేవారొకరు పక్కన ఉండాలి.

హో, కేన్ అనే పరిశోధకులు 2013లో అమెరికాలోని ఫ్లోరిడాలో చేసిన పరిశోధనను ప్రతి శిక్షణలోనూ చెప్పాలంటాను. ఒకరే రెండుసార్లు చూడటం కన్నా ఇద్దరు ఒక్కోసారి చూస్తే మార్కు నమ్మదగ్గదవుతుందని తేలింది. సొంత బడి ప్రిన్సిపాళ్లు తమవాళ్లకు కాస్త ఎక్కువే వేశారు. ఇక ‘ముందు చెప్పి వెళ్తే అంతా నాటకమే’ అనేవారికి: టీచర్లు తామే ఎంచుకున్న పాఠాలకు మార్కులు ఎక్కువ వచ్చినా, ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరుస పెద్దగా మారలేదు. దొంగచాటు తనిఖీలు మానెయ్యొచ్చు.

ఇక రెండో జబ్బు. చెప్పడం నోటితో చేసే పని, నోటితోనే సాధన చెయ్యాలి. ఒకరు టీచరుగా, ఒకరు ప్రిన్సిపాల్‌గా కూర్చుని మాట్లాడి చూడాలి. ‘మేడమ్, క్లాసు బాగుంది, కాకపోతే చిన్న చిన్న విషయాలు...’ అని మొదలుపెడితే ఆపెయ్యండి. ‘మేడమ్, వెనక మూడు వరుసల్లో ఎవరినీ అడగలేదని రాసుకున్నాను. మీకేమనిపించింది?’ అనండి. అవతలివారికి కోపం రావచ్చు, కన్నీళ్లూ రావచ్చు. అప్పుడు రేటింగ్ మార్చకుండా కూర్చోగలగడమే సాధన. ప్రిన్సిపాళ్ల పైఅధికారులకూ ఒక మాట. నిజం రాసిన ప్రిన్సిపాల్‌ను ‘మీ బడిలోనే ఎందుకు ఇన్ని సమస్యలు?’ అని మీటింగులో నిలదీస్తే, వచ్చే ఏడాది ఆ బడిలో సమస్యలుండవు, కాగితం మీద.

ఇంత కష్టం దేనికంటే, అమెరికాలోని సిన్సినాటి నగరంలో కొన్నేళ్ల అనుభవమున్న టీచర్లను ఏడాదిలో నాలుగుసార్లు పరిశీలించారు, మూడుసార్లు శిక్షణ పొందిన తోటి టీచరు, ఒకసారి ప్రిన్సిపాల్. ఆ ఏడాదే కాక తర్వాతి ఏళ్లలోనూ వాళ్ల పిల్లల లెక్కల మార్కులు పెరిగాయని టేలర్, టైలర్ అనే పరిశోధకులు 2012లో రాశారు.

మధ్యాహ్నం మీకొక వీడియో పాఠం చూపిస్తాం. తెల్ల కాగితాలే ఇస్తాం, ఫారాలు చివర్లో వస్తాయి. మార్కు వేసేముందు దయచేసి పక్కవారి కాగితం చూడకండి, పరీక్ష హాల్లో మీరు పిల్లలకు చెప్పే మాటే.