ఫొటో తీయబుద్ధి కానప్పుడు

(తెర మీద: బీరువా పైన నల్లటి కెమెరా బ్యాగు. జిప్పు నిండా దుమ్ము.)

నమస్కారం అండీ. ఈ బ్యాగు పదకొండు నెలలు ఇక్కడే ఉండిపోయింది. నేను రాజమండ్రిలో పెళ్ళి ఫొటోలు తీస్తాను. పనికి వాడే కెమెరాలు వేరే ఉన్నాయి, సీజన్‌లో వాటికి విశ్రాంతే ఉండదు. ఇది మాత్రం నా కోసం కొనుక్కున్నది. గోదావరి గట్టు మీద పొద్దున్నే తిరుగుతూ ఫొటో తీయడం నేర్చుకున్నది దీంతోనే. అలాంటిదాన్ని పదకొండు నెలలు ముట్టుకోబుద్ధి కాలేదు.

దసరాకి ఇల్లు దులుపుతూ కిందికి దించాను. లెన్సు తీసి కిటికీ వైపు పట్టి చూశాను.

(దగ్గరి షాట్: వెలుగుకి ఎదురుగా పట్టిన 50 ఎంఎం లెన్సు. గాజు లోపల సాలెగూడు లాంటి సన్నటి పోగులు.)

ఇదీ ఫంగస్. మా ఊళ్ళో వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. వాడకుండా బ్యాగులో మూసిపెట్టిన లెన్సుకి ఇది పట్టడం మామూలే. మొదట్లోనే శుభ్రం చేయిస్తే పోతుంది, ముదిరితే గాజు మీది కోటింగ్‌ని తినేస్తుంది. మీ లెన్సు కూడా చాలా రోజులుగా మూలన పడి ఉంటే ఈ వీడియో ఆపి ఒకసారి చూసుకోండి. గాలి చొరబడని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ వేసి దాస్తే ఈ బాధ ఉండదు.

లెన్సు బాగైంది. నాకు మాత్రం తీయబుద్ధి ఎందుకు పోయిందో అర్థం చేసుకోవడానికి చాలా టైం పట్టింది. అదే ఇవాళ చెప్తాను.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. పుష్కరాల రేవు దగ్గర ఒక జాలరి వల ఉతికి గట్టిగా విదిలించాడు. నీటి తుంపరలన్నీ ఎండలో ఒక్కసారి మెరిశాయి. కెమెరా ఎత్తాను. మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన, "ఇది రీల్‌కి పనికొస్తుందా? నిలువుగా తీయాలా, అడ్డంగా తీయాలా?" అది తేల్చుకునేలోపే అతను వల మడత పెట్టేశాడు. ఇంటికొచ్చి బ్యాగుని బీరువా మీద పెట్టాను. మళ్ళీ దించలేదు.

(తెర మీద: చిన్నపిల్లల చేతుల్లో రంగు స్కెచ్ పెన్నులు.)

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికన్ సైకాలజిస్టులు ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే బంగారు రంగు చుక్క, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. ఇంకొందరికి చెప్పకుండా, బొమ్మ వేశాక అదే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మిగిలినవాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఆ పెన్నుల్నే మళ్ళీ క్లాసులో పెట్టి, ఏ బహుమతీ లేకుండా ఎవరు ఎంతసేపు వేస్తారో గమనించారు. బహుమతి ఇస్తామని ముందే విన్న పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సుమారు సగం సేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా బహుమతి అందుకున్న పిల్లల ఇష్టం తగ్గలేదు.

ఇది చదివాక చాలాసేపు లేవలేకపోయాను. పెళ్ళికి మూడు వేల ఫ్రేములు తీస్తాను, తెల్లారేదాకా కూర్చుని వాటిలోంచి ఏరుతాను. అది పని, దానికి డబ్బు తీసుకుంటాను, అందులో తప్పేం లేదు. కానీ నాకోసం తీసుకునే ఫొటోకి కూడా లైకుల రూపంలో ముందే ధర కట్టడం మొదలుపెట్టాను. గట్టు మీద జాలరి ఎదురుగా ఉన్నా నా చూపు ఫోన్‌లో ఉన్నవాళ్ళ మీదే ఉండిపోయింది.

ఈ స్థితిలో చాలామంది కొత్త లెన్సు కొంటారు. నేనూ కొన్నాను. రెండు వారాలు హుషారుగా ఉంటుంది. ఆ తర్వాత ఆ లెన్సూ బ్యాగులోకే చేరుతుంది, ఈఎంఐ మాత్రం మిగులుతుంది. డబ్బు పెట్టేముందు ఆగండి అని మాత్రం గట్టిగా చెప్తాను.

ఇంకో మాట. మానేయడం ప్రతిసారీ ఓటమి కాదు. మన దేశంలో మొదటి మహిళా ఫొటో జర్నలిస్టుగా పేరున్న హోమాయ్ వ్యారావాలా, భర్త పోయిన ఏడాదికి, 1970లో కెమెరా పక్కన పెట్టేశారు. ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా బతికారు, మళ్ళీ ఆ వృత్తిలోకి రాలేదు. అప్పటికే స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్ని ఫొటోల్లో దేశం కోసం భద్రపరిచిన మనిషి ఆవిడ. మీకు నిజంగా ఇక చాలు అనిపిస్తే, అది కూడా గౌరవించాల్సిన మాటే.

నాకు మాత్రం చాలు అనిపించలేదు. వెలితిగా ఉండేది. అప్పుడే ఆంద్రె కెర్టెస్ అనే ఫొటోగ్రాఫర్ గురించి తెలిసింది.

(తెర మీద: కిటికీ గట్టు మీద ఒక గాజు వస్తువు, దాని గుండా పడుతున్న వెలుగు.)

కెర్టెస్ 1894లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. పారిస్‌లో పేరు తెచ్చుకుని, 1936లో న్యూయార్క్ వెళ్ళాడు. 1977లో భార్య ఎలిజబెత్ చనిపోయింది. ఆయనకి ఎనభై దాటాయి, ఇంట్లో ఒంటరి. ఒకరోజు ఒక షాపు అద్దాల వెనక చిన్న గాజు బొమ్మ కనిపించింది, మెడ, భుజం వరకే ఉన్న బొమ్మ. ఆ మెడ వంపు ఆయనకి భార్యని గుర్తుచేసింది. తెచ్చి తన పన్నెండో అంతస్తు కిటికీలో పెట్టుకున్నాడు. చేతిలో ఉన్నది పోలరాయిడ్ ఎస్ఎక్స్-70, నొక్కగానే ఫొటో బయటికొచ్చే కెమెరా. పొద్దున ఒక వెలుగు, సాయంత్రం ఇంకో వెలుగు. ఆ గాజులో ఒకసారి ఆకాశం, ఒకసారి ఎదురుగా ఉన్న భవనాలు తలకిందులుగా. ఇల్లు కదలకుండా, ఆ కిటికీ దగ్గరే, మళ్ళీ మళ్ళీ తీశాడు. 1985లో పోయేదాకా ఫొటోలు తీస్తూనే ఉన్నాడు.

నాకు గాజు బొమ్మ లేదు. మా సందు మొదట్లో ఇస్త్రీ బండి ఉంది.

(తెర మీద: బొగ్గుల ఇస్త్రీ పెట్టె మూత తెరుచుకుంటుంది. లోపల ఎర్రటి నిప్పులు.)

రోజూ దాని ముందు నుంచే వెళ్తాను, ఎప్పుడూ ఆగలేదు. ఒక రోజు ఆగి, "బాబాయ్, మీరు పని చేసుకుంటూ ఉంటే ఫొటోలు తీసుకోనా?" అని అడిగాను. "నా ఫొటో ఎందుకు బాబూ" అని నవ్వి, సరే అన్నాడు. పొద్దున ఎనిమిదింటికి ఎండ ఏటవాలుగా బండి మీద పడుతుంది. ఆయన చెంబులో చేయి ముంచి చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తాడు, పెట్టె ఆనిస్తాడు. అప్పుడు లేచే ఆవిరి రెండు మూడు సెకన్లు వెలుగుతుంది, అంతే. మొదటి నాలుగు రోజులు నాకు ఆవిరి దొరకలేదు. ఐదో రోజుకి తెలిసింది, కాలర్ దగ్గర నీళ్ళు ఎక్కువ చల్లుతాడని, ఆవిరి దట్టంగా వచ్చేది అక్కడేనని. ఆ సంగతి తెలిసిన పొద్దున నాకు కలిగిన ఆనందం చాలా ఏళ్ళుగా ఏ ఆల్బమ్‌కీ కలగలేదు.

కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. ఒకే లెన్సు. పాత ఫిల్మ్ రోల్‌లో లాగా రోజుకి 36 ఫ్రేములు, అంతకు మించి లేదు. కెమెరా వెనక స్క్రీన్ మీద నల్ల టేపు అంటించాను, తీసింది వెంటనే చూసుకునే అలవాటు పోవాలని. నెల రోజులు ఎక్కడా పోస్ట్ చేయలేదు. మూడో రోజు చేతులు టేపు పీకేయాలని తహతహలాడాయి. ఓర్చుకున్నాను.

మీరూ ఏదో ఒక్కదాని దగ్గరికెళ్ళి చూడండి. ఇది నేను ఊరికే అనట్లేదు. లిండా హెంకెల్ అనే సైకాలజిస్టు మ్యూజియంలో విద్యార్థులతో చేసిన పరిశోధన ఒకటి 2014లో వచ్చింది. వస్తువు మొత్తాన్ని టకటకా ఫొటో తీసినవాళ్ళకి, తర్వాత ఆ వస్తువు తక్కువ గుర్తుంది. అందులో ఒక్క భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్ళకి జ్ఞాపకం తగ్గలేదు, ఫ్రేములోకి రాని భాగాలతో సహా.

ఇంకొకటి, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఫొటోలొక్కటే కాదు, తిండి, నిద్ర, మనుషులు, ఏదీ వద్దనిపిస్తూ వారాలు గడుస్తుంటే అది కెమెరా సమస్య కాదు. డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఫ్రీగా మాట్లాడొచ్చు, తెలుగులో కూడా.

నెల పూర్తయ్యాక ఒక ఆవిరి ఫొటో 4x6 సైజులో ప్రింట్ వేయించి బాబాయ్‌కి ఇచ్చాను. ముందు చెప్పలేదు. చేతులు తుండుకి తుడుచుకుని, అంచులు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత బండి పైకప్పు చువ్వకి క్లిప్పు పెట్టి తగిలించాడు.

(తెర మీద: బండి పైకప్పు కింద వేలాడుతున్న ఫొటో. కింద నుంచి ఆవిరి.)

నిన్న అటు వెళ్తుంటే పిలిచాడు. రోజూ తగిలే ఆవిరికి ఫొటో మూలలు చుట్టుకుపోయాయి, రంగు కూడా కాస్త దిగింది. "ఇంకోటి తెచ్చిపెడతావా బాబూ, ఈసారి ఇంటికి తీసుకెళ్తాను" అన్నాడు. రేపు పొద్దున ఎనిమిదింటికి వెళ్తున్నాను. బ్యాటరీ ఛార్జింగ్‌లో పెట్టాను.