పార్టీ పేరు లేని బ్యాలట్ కాగితం

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. ఇంకా ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. సరే, సగం మందికి పైనే ఉన్నారు. ఇప్పుడు ఇక్కడ బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఎప్పుడైనా ఓటు వేసినవాళ్లు మాత్రం చేతులు అలాగే ఉంచి, మిగతావాళ్లు దించేయండి. చూశారా, ఎన్ని చేతులు దిగిపోయాయో! నేను కూడా వచ్చిన కొత్తలో కౌన్సిల్ నుంచి ఓటరు నమోదు కాగితం వస్తే, ఇది మనకి కాదులే అని పక్కన పడేశాను. అలా రెండేళ్లు పోయాయి. నిజానికి మన ఇండియా కూడా ఉన్న కామన్‌వెల్త్ దేశాల వాళ్లకి 18 ఏళ్లు నిండి, ఇక్కడ ఉండటానికి అనుమతి ఉంటే చాలు, ఇక్కడి సాధారణ ఎన్నికల్లో ఓటుంది. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని జనాన్నే నేరుగా అడిగిన 2016 రెఫరెండంలోనూ ఉండింది. పోలండ్ నుంచి వచ్చి పదేళ్లుగా పన్ను కడుతున్న మనిషికి ఆ రోజు ఓటు లేదు, ఆరు నెలల క్రితం హైదరాబాద్ నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడికి ఉంది. ఇంత విలువైన హక్కు చేతిలో పెట్టుకుని, ఇక్కడ ఎన్నికలు ఎలా తిరుగుతాయో తెలుసుకోకపోతే ఎలా అండీ?

మన ఊళ్లలో ‘వాళ్లది కాంగ్రెస్ ఇల్లు, వీళ్లది తెలుగుదేశం ఇల్లు’ అంటాం కదా, ఇక్కడ కూడా అంతే. డర్హమ్ వైపు గనుల ఊళ్లలో తాత బొగ్గు గనిలోకి దిగాడు, యూనియన్‌లో ఉన్నాడు, లేబర్‌కి వేశాడు, కొడుకూ అంతే, గని మూతపడ్డాక మనవడూ అంతే. బోల్సోవర్‌లో డెన్నిస్ స్కిన్నర్ అనే ఒకప్పటి గని కార్మికుడు 1970లో ఎంపీ అయ్యి 2019 దాకా ఓడిపోలేదు, అంటే 49 ఏళ్లు. ఇటు లండన్ చుట్టుపక్కల పచ్చటి కౌంటీల్లో కన్జర్వేటివ్ పార్టీకి అలాంటి ఇళ్లే ఉండేవి. ఇలాంటి విధేయత మేనిఫెస్టో చదివి పుట్టేది కాదు, కాబట్టి మేనిఫెస్టో నచ్చనంత మాత్రాన పోయేదీ కాదు.

అంత గట్టి విధేయత కూడా పోయింది. మరి ఎలా పోయింది? నా ఉద్దేశంలో జవాబు ఆ 2016 రెఫరెండం బ్యాలట్ కాగితంలోనే ఉంది. మామూలు ఎన్నికల కాగితం మీద అభ్యర్థి పేరు, పార్టీ పేరు, గుర్తు ఉంటాయి. మన దగ్గర ప్రతి ఉపఎన్నికనీ రెఫరెండం అనేస్తుంటారు గానీ, అక్కడ కూడా ఎదురుగా అభ్యర్థీ గుర్తూ ఉంటాయి కదా. 2016 జూన్ 23న ఇచ్చిన కాగితం మీద అవేమీ లేవు. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా, రెండే వాక్యాలు, ఒక దాని పక్కన పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టాలి. అప్పటి ప్రధాని, కన్జర్వేటివ్ నాయకుడు కామెరాన్ ఉండాలన్నారు, ఆయన పార్టీలోనే ఉన్న బోరిస్ జాన్సన్ బయటికి రావాలన్నారు. లేబర్ పార్టీ అధికారికంగా ఉండాలనే చెప్పింది, కానీ ఆ పార్టీ ఓటర్లలో మూడో వంతు కంటే ఎక్కువ మంది ఆ మాట వినలేదు. 51.9 శాతం బయటికి అన్నారు, 48.1 శాతం ఉండాలన్నారు. 2015 ఎన్నికల్లో 66 శాతం పోలింగ్ జరిగితే దీనికి 72 శాతం జరిగింది, అంటే మామూలుగా ఇంట్లో కూర్చునేవాళ్లు కూడా కదిలి వచ్చారన్నమాట. తన జీవితంలో మొదటిసారి పార్టీ చెప్పినదానికి ఎదురుగా గీత పెట్టిన మనిషి, ఇంటికెళ్లి చూసుకుంటే తను అదే మనిషి, తన వీధీ అదే వీధి. ఆ అనుభవం చిన్నది కాదు.

స్కాట్లండ్‌లో ఇది రెండేళ్ల ముందే జరిగింది. 2014 సెప్టెంబర్ 18న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం మీద రెఫరెండం పెడితే వద్దన్నవాళ్లు 55 శాతం, కావాలన్నవాళ్లు 45 శాతం. అంటే స్వాతంత్ర్యం కావాలన్న స్కాటిష్ నేషనల్ పార్టీ ఓడిపోయింది. ఎనిమిది నెలల్లో సాధారణ ఎన్నికలు వస్తే అదే పార్టీ స్కాట్లండ్‌లోని 59 సీట్లలో 56 గెలిచింది! అక్కడ 41 సీట్లున్న లేబర్‌కి ఒక్కటే మిగిలింది. పెయిస్లీలో మ్హైరీ బ్లాక్ అనే ఇరవై ఏళ్ల యూనివర్సిటీ విద్యార్థిని, విదేశాంగ వ్యవహారాల్లో లేబర్ పెద్ద తలకాయ అయిన డగ్లస్ అలెగ్జాండర్‌ని ఓడించింది. కారణం లెక్కలో ఉంది, మనసులోనూ ఉంది. కావాలన్న 45 శాతం ఒకే పార్టీ వెనక నిలబడింది, వద్దన్న 55 శాతం మూడు పార్టీల మధ్య చీలింది. ఇక మనసు సంగతికొస్తే, లేబర్ ‘వద్దు’ అన్నందుకు కాదు, కన్జర్వేటివ్‌లతో ఒకే వేదికెక్కి ‘వద్దు’ అన్నందుకు గ్లాస్గో కార్మిక వాడలు క్షమించలేదు. గ్లాస్గోలో ఏడుకి ఏడు సీట్లూ పోయాయి.

ఇంగ్లండ్ సంగతి అర్థం కావాలంటే నేను ఒకే ఒక్క సీటు చూడమంటాను, స్టోక్ ఆన్ ట్రెంట్ సెంట్రల్. పింగాణీకి ప్రపంచమంతా పేరుపొందిన ఊరు, 1950 నుంచి లేబర్ కంచుకోట. 2015లో అక్కడ సగం మంది కూడా ఓటు వేయలేదు. రెఫరెండంలో మాత్రం స్టోక్ నగరం దాదాపు 70 శాతం బయటికి రావాలంది. ఎనిమిది నెలలకి, 2017 ఫిబ్రవరిలో, ఉపఎన్నిక వచ్చింది. యూనియన్ నుంచి బయటికి రావాలన్నదే ప్రధాన నినాదమైన యూకిప్ పార్టీ నాయకుడు పాల్ నటాల్ స్వయంగా వచ్చి నిలబడ్డారు, ఇక కోట కూలినట్టే అన్నారు అందరూ. కూలలేదు, లేబరే గెలిచింది. జూన్ సాధారణ ఎన్నికల్లో మళ్లీ లేబరే. ఎందుకంటే అప్పటికి లేబర్ ‘మీ తీర్పుని ఒప్పుకుంటున్నాం’ అంది. 2019కి వచ్చేసరికి ‘ఇంకోసారి రెఫరెండం పెడతాం’ అంది. అప్పుడు పోయింది సీటు, 670 ఓట్ల తేడాతో. జనం తమతో ఏకీభవించని పార్టీని భరించారండీ, తాము ఒకసారి చెప్పిన మాటని మళ్లీ చెప్పమన్న పార్టీని భరించలేకపోయారు. అదే రాత్రి బోల్సోవర్ పోయింది, బ్లైత్ వ్యాలీ పోయింది, మాజీ లేబర్ ప్రధాని టోనీ బ్లెయిర్ ఒకప్పటి సీటు సెడ్జ్‌ఫీల్డ్ కూడా పోయింది.

అలాగని దేశమంతా బ్రెగ్జిట్ వైపు, అంటే యూనియన్ నుంచి బయటికి రావడం వైపు, తిరిగిందనుకుంటే పొరపాటు. 2019లో రెండో రెఫరెండం కావాలన్న పార్టీల ఓట్లన్నీ కలిపితే సగం దాటాయి. కానీ అవి లేబర్‌కి, లిబరల్ డెమోక్రాట్లకి, గ్రీన్స్‌కి, స్కాట్లండ్ వెళ్తే అక్కడి పార్టీకి, ఇలా చెల్లాచెదురయ్యాయి. అటువైపు నైజెల్ ఫరాజ్ బ్రెగ్జిట్ పార్టీ కన్జర్వేటివ్‌లు 2017లో గెలిచిన 317 సీట్లలో పోటీ నుంచి తప్పుకుంది. ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్లదే సీటు అన్న పద్ధతి కదా, కన్జర్వేటివ్‌లకి 43.6 శాతం ఓట్లతోనే 365 సీట్లొచ్చాయి.

2024లో ఇది సరిగ్గా తిరగబడింది. అదే ఫరాజ్ నడిపిన రిఫార్మ్ పార్టీ దాదాపు అన్నిచోట్లా నిలబడి 14 శాతం ఓట్లు లాక్కుంది, తనకొచ్చినవి ఐదు సీట్లే అయినా కన్జర్వేటివ్‌లు 121కి పడిపోయారు. లేబర్‌కి 411. ఇక్కడొక అంకె చెప్పాలి, నాకు ఇప్పటికీ మింగుడుపడని అంకె. 2017లో కార్బిన్ నాయకత్వంలో ఓడిపోయిన లేబర్‌కి దాదాపు కోటీ 29 లక్షల ఓట్లొచ్చాయి, 2024లో స్టార్మర్ నాయకత్వంలో గెలిచిన లేబర్‌కి వచ్చినవి సుమారు 97 లక్షలు. ఓట్లు పెరిగి గెలవలేదు, ఎదుటివాళ్ల ఓట్లు చీలి గెలిచారు. అంటే ఆ ఇళ్లు తిరిగి లేబర్ ఇళ్లయ్యాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

స్టోక్ సెంట్రల్ కూడా ఆ ఏడాది లేబర్‌కి తిరిగొచ్చింది. అక్కడ కన్జర్వేటివ్ అభ్యర్థిగా నిలబడి ఓడిపోయింది మన తెలుగు డాక్టరే, చంద్ర కన్నెగంటి గారు. నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో లేబర్ తరఫున నిలబడి ఓడిపోయిన ఉదయ్ నాగరాజు గారు కూడా తెలుగువారే. రెండు ప్రధాన పార్టీల్లోనూ మనవాళ్లు నిలబడే దాకా వచ్చారు, మనలో చాలామంది ఇంకా ఓటరు జాబితాలోకే రాలేదు.

నమోదు ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, పోలింగ్‌కి 12 పనిదినాల ముందే గడువు అయిపోతుంది కాబట్టి ఎన్నికలు వచ్చాక చూద్దాంలే అనుకోకండి, ఈ రాత్రే చేసేయండి. పోలింగ్ స్టేషన్‌లో ఫోటో ఉన్న గుర్తింపు కార్డు అడుగుతారు, దానికి మీ ఇండియన్ పాస్‌పోర్టు సరిపోతుంది.