55 శాతం రాని పిల్లాడు

కొత్తగా టీచరు ఉద్యోగాల్లో చేరిన మిత్రులకు నమస్కారం. పేద విద్యార్థికి సాయం అనగానే మనకు ఫీజు కట్టడం, నోటు పుస్తకాలు కొనివ్వడం గుర్తొస్తాయి. మంచివే, చేయండి. నేను మాత్రం పేదరికంతో పాటు మార్కులు కూడా తక్కువున్న పిల్లాడి గురించి మాట్లాడతాను.

నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ సంగతే చూడండి. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. మన సర్కారు బడి పిల్లలకు చాలా గొప్ప ఆసరా. కానీ పరీక్షకు కూర్చోవాలంటేనే ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు. అంతకంటే తక్కువ వచ్చినవాడు లెక్కలోనే లేడు. తల్లి ఖాతాలో పడే పథకం డబ్బుకేమో 75 శాతం హాజరు కావాలి. సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోయే ఇంటి పిల్లాడికి ఆ హాజరు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పోస్టింగ్ వచ్చినవాళ్లు సుగ్గి అనే మాట రోజూ వింటారు. దీపావళి దాటాక పత్తి తీయడానికి, సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి ఇళ్లకు తాళాలేసి పోతారు. చంటిబిడ్డను చూసుకోవడానికని ఆడపిల్లను బడి మాన్పించి మరీ తీసుకుపోతారు.

అలా పోయి వచ్చిన ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు. లెక్కల్లో ఎప్పుడూ సింగిల్ డిజిటే. బోర్డు మీద 502లోంచి 178 తీసేయమంటే 476 అని రాశాడు. క్లాసంతా నవ్వింది. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి తిప్పి ఎనిమిదిలోంచి రెండు తీసేశాడు. మిగతా స్థానాల్లోనూ అంతే, పెద్ద దాంట్లోంచి చిన్నది. “సున్నాలోంచి ఏడు ఎట్ల పోతాది సార్?” అని ఎదురు నన్నే అడిగాడు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం చెప్పిన నెలల్లో వాడు మిరప చేలో ఉన్నాడు. అదే పిల్లాడు కిలోకు ఇంత చొప్పున అమ్మ కోసిన కాయలకు కూలి ఎంతో, కూలీలను తీసుకుపోయే మేస్త్రి ముందే ఇచ్చిన అడ్వాన్సు పోగా ఎంత మిగులుతుందో నోటితో చెప్పేవాడు!

కాగితం ముక్కలతో నోట్లు చేసిచ్చాను. ఐదు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు. “178 ఇవ్వు” అన్నాను. ఒక వందను పది పదులుగా, అందులో ఒక పదిని పది రూపాయలుగా తనే మార్చుకున్నాడు. నాలుగు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు రూపాయలు. మిగిలింది 324. ఆ పూటతో వాడు ఆర్యభట్టు అయిపోలేదు లెండి. భాగహారానికి ఇంకా చాలా వారాలు పట్టింది. పాఠానికి ముందు పావుగంట, మధ్యాహ్న భోజనం తర్వాత పావుగంట, మూడో తరగతి పుస్తకం దగ్గరి నుంచి మొదలుపెట్టాం.

ఇదంతా దయ అనుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో టీచరు విధుల కింద ఉన్న పనే: ప్రతి బిడ్డ నేర్చుకునే సామర్థ్యాన్ని అంచనా వేయాలి, అవసరమైతే అదనంగా చెప్పాలి. అదే చట్టం 28వ సెక్షన్ టీచరు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటుంది. అంటే ఆ అదనం మన జీతంలోనే ఉంది. సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని మీరు గొణగడం నాకు వినిపిస్తోంది. కూడికలు రానివాడికి బీజగణితం చెప్పి పూర్తయిందని రిజిస్టర్‌లో రాసుకోవడం మన తృప్తికే.

రెండో ఏడు వాడిని సుగ్గికి పంపొద్దని అడగడానికి వాళ్లింటికి వెళ్లాను. “మాకు కండ్లు కనపడవు నాయనా, వీనికి బువ్వ ఎవరు వండుతారు?” అంది అవ్వ. ఆమె అడిగింది న్యాయమే. చదువు గొప్పతనం మీద ఉపన్యాసం ఇస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. వలస పోయినవాళ్ల పిల్లల కోసం ఆ నెలల్లో నడిపే సీజనల్ హాస్టల్లో మూడు పూటలా తిండి పెడతారని చెప్పాకే తండ్రి మెత్తబడ్డాడు. అదీ మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకోకముందు వెళ్లాను కాబట్టి. డబ్బు చేతులు మారాక టీచరు మాట చెల్లదు.

కనుక దసరా సెలవుల్లోపే మీ క్లాసులో ఎవరి ఇల్లు సుగ్గికి పోతుందో రాసిపెట్టుకోండి. ఆ జాబితా హెచ్‌ఎం గారి ద్వారా ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకు ముందే చేరాలి. ఆలస్యమైతే పిల్లలు ఊరు దాటాక హాస్టల్ తెరుచుకుంటుంది. జాబితాలో ఆడపిల్లల పేర్లు విడిగా రాయండి, వాళ్ల కోసం తల్లితోనే మాట్లాడాలి. ఇక మీరు అడగండి, చెబుతాను.