సింక్‌కి ఏ ఐసొలేషన్ లెవెల్? అన్నీ పెట్టి చూశాను

నమస్తే అండి. ఇవాళ రివ్యూకి ఫోనూ లేదు, ల్యాప్‌టాపూ లేదు. షాపులో ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ నుంచి మైక్రోసాఫ్ట్ అజ్యూర్ క్లౌడ్‌కి డేటా సింక్ చేసేటప్పుడు ఏ ఐసొలేషన్ లెవెల్ పెట్టాలి, అదీ సంగతి. ఐసొలేషన్ లెవెల్ అంటే, ఒకరు డేటా మారుస్తుండగా ఇంకొకరు చదివితే ఏం కనబడాలో చెప్పే సెట్టింగ్.

స్క్రీన్ మీద రెండు విండోలు చూడండి. ఎడమవైపు కౌంటర్: 450 ఉన్న బిల్లుని 540 చేశాను, ఇంకా కమిట్ కొట్టలేదు, అంటే మార్పు ఖరారు కాలేదు. కుడివైపు మన సింక్. మామూలు రీడ్ కమిటెడ్‌లో, అంటే ఖరారైన డేటానే చదివే లెవెల్‌లో, సెలెక్ట్ కొడుతున్నా... తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. అటువైపు ఆ బిల్లు మీద పడిన లాక్ వదిలేదాకా ఇంతే. చాలామంది ఇక్కడే విసుగొచ్చి, లాక్‌ని పట్టించుకోకుండా చదివే నోలాక్ తగిలిస్తారు. తగిలిద్దాం. చూశారా, వెంటనే 540! ఇప్పుడు ఎడమవైపు రోల్‌బ్యాక్ కొట్టాను, అంటే మార్పు రద్దు. ఆ 540 అసలు జరగనే లేదు, కానీ ఈపాటికి క్లౌడ్‌లో కూర్చుంది. నోలాక్‌కి నా మార్కులు సున్నా.

సీరియలైజబుల్ పెడితే, సింక్ చదివిన రేంజ్‌లో అది ముగిసేదాకా కొత్త బిల్లు పడదు. కౌంటర్ దగ్గర క్యూ, మీకు ఫోన్లు. వద్దు.

తమాషా ఏంటంటే, అజ్యూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో రీడ్ కమిటెడ్ స్నాప్‌షాట్, అంటే లాక్ దగ్గర ఆగకుండా చివరగా కమిట్ అయిన డేటా చూపించే సెట్టింగ్, డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, షాపు సర్వర్‌లో ఆఫ్. క్లౌడ్‌లో సాఫీగా నడిచిన కోడ్ షాపుకొచ్చి మొరాయించేది అందుకే. అక్కడా ఆన్ చేస్తే పోలా? ఆగడం పోతుంది కానీ, అది ఒక్కో స్టేట్‌మెంట్‌కి, అంటే ఒక్కో క్వెరీకి, డేటాని విడిగా ఫోటో తీస్తుంది. నేను దెబ్బతిన్నది ఇక్కడే. సింక్ ముందు బిల్లుల టేబుల్ చదివింది, తర్వాత ఐటమ్స్ టేబుల్. ఆ రెండింటి మధ్యలో ఒక బిల్లు కమిట్ అయింది. ఐటమ్స్ వచ్చాయి, వాటి బిల్లు రాలేదు. క్లౌడ్‌లో ఫారిన్ కీ ఎర్రర్ (బిల్లు లేని ఐటమ్‌ని డేటాబేస్ ఒప్పుకోదు), బ్యాచ్ మొత్తం వెనక్కి. రాత్రంతా టెన్షన్.

అసలు స్నాప్‌షాట్ లెవెల్ వేరు. ట్రాన్సాక్షన్‌లో, అంటే ఒకే పనిగా నడిచే క్వెరీల కట్టలో, మొదటిసారి డేటా చదివిన క్షణానికి ఒకే ఫోటో. రెండు టేబుళ్లూ అందులోంచే వస్తాయి. సింక్‌లో చదివే పనికి నా ఓటు దీనికే. ముందుగా డేటాబేస్‌లో ఎలౌ స్నాప్‌షాట్ ఐసొలేషన్ ఆన్ చేయాలి.

అయితే దీనితో ఒక కొత్త తలనొప్పి కూడా వస్తుంది, బాగా వినండి. కౌంటర్‌లో 10:02 టైమ్ పడిన బిల్లు 10:06కి కమిట్ అయిందనుకోండి. సింక్ 10:05కి వచ్చింది. పాత రీడ్ కమిటెడ్ అయితే లాక్ దగ్గర ఆగి, ఆ బిల్లుని పట్టుకునేది. స్నాప్‌షాట్ ఆగదు, దాటి వెళ్లిపోతుంది. తర్వాతి సింక్ 10:05 తర్వాతివే అడుగుతుంది. ఆ బిల్లు ఇక క్లౌడ్‌కి రాదు, ఎర్రర్ కూడా రాదు! కాబట్టి బిల్లు టైమ్ రాసే కాలమ్‌ని నమ్ముకోకండి. 2008 వెర్షన్ నుంచే ఉన్న చేంజ్ ట్రాకింగ్ వాడండి, ఏ రోలు మారాయో డేటాబేసే గుర్తుపెట్టుకుంటుంది, అది కమిట్ వరుసలో లెక్క పెడుతుంది.

ఇంకొకటి. ఆ ఫోటో చూపించడానికి సర్వర్, మామూలు సెట్టింగ్‌లో, మారకముందున్న పాత రో వెర్షన్లన్నీ టెంప్‌డీబీ అనే తన తాత్కాలిక డేటాబేస్‌లో దాచిపెడుతుంది. ట్రాన్సాక్షన్ తెరిచిపెట్టి నెట్ మీద అప్‌లోడ్ చేస్తూ కూర్చుంటే అది ఉబ్బిపోతుంది. చదవండి, కమిట్ కొట్టండి, ఆ తర్వాతే క్లౌడ్‌కి పంపండి.