పాట, గిటార్ ఇంట్లోనే రికార్డ్ చేయాలంటే ఏం కొనాలి?

నమస్తే అండీ. వినిపిస్తోందా? ఆ, మీటర్ కదులుతోంది. సరే.

గిటార్ వాయిస్తూ పాడతారు, ఒక్కరే, బ్యాండూ గీండూ ఏం లేదు. ఇంట్లో రికార్డ్ చేసుకోవాలి. ఏం కొనాలి? టేబుల్ మీద చూడండి. మైకు, ఈ చిన్న పెట్టె, హెడ్‌ఫోన్స్, స్టాండు, కేబులు. ల్యాప్‌టాప్ మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. అంతే.

ముందు ఈ పెట్టె. ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. మైకు ఇటు పెడితే, అటు యూఎస్‌బీ వైరులో శబ్దం ల్యాప్‌టాప్‌లోకి వెళ్తుంది. నాది స్కార్లెట్ టూ-ఐ-టూ. వేరే కంపెనీదైనా పర్లేదు, కొనేటప్పుడు అటూ ఇటూ తిప్పి రంధ్రాలు చూసుకోండి. మైకులు పెట్టుకునేవి రెండుండాలి. రెండు! నేను మొదట కొన్నదానికి ముందు వైపు రెండు రంధ్రాలు కనిపిస్తే, హమ్మయ్య, గొంతుకొకటి, గిటార్‌కొకటి అనుకున్నా. ఇంటికొచ్చాక చూస్తే ఒకటే మైకుది, రెండోది పికప్, అంటే తీగల శబ్దాన్ని వైరులోకి పంపే భాగం, ఉన్న గిటార్ వైరు పెట్టుకోడానికి. నా గిటార్‌కి పికప్పే లేదు. ఆర్నెల్లకి అది అమ్మేసి ఇది కొన్నా. అందుకే చెప్తున్నా, మైకు ఇన్‌పుట్లు రెండు.

ఈ బటన్ చూడండి, 48వి అని రాసుంది. కండెన్సర్ అని ఒక రకం మైకు ఉంది, సన్నటి శబ్దాలు కూడా పడుతుంది, దానికి కరెంటు ఇక్కణ్నుంచే వెళ్తుంది. నొక్కకపోతే మైకు పనిచేయదు. నొక్కండి, అయిపోయింది.

ఇప్పుడు మైకు. కండెన్సరా, డైనమిక్కా? ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకుకి గది చప్పుడు వినిపించదు అంటారు. మంత్రమేం లేదండీ అందులో. పెదాలకి ఆనించినట్టు పెట్టి పాడతాం కాబట్టి గొంతు ముందు మిగతాది తేలిపోతుంది. గిటార్‌కి అంత దగ్గరగా పెడితే బాగోదు కదా, పైగా తీగల మీద ఆ సన్నటి మెరుపు కండెన్సర్‌లోనే బాగా వస్తుంది. కాబట్టి రాత్రి పదింటికైనా ఇల్లు సద్దుమణుగుతుంది అంటే కండెన్సర్. ఇదిగో, ఏటీ2020. రోడ్డు పక్కనే ఇల్లు అయితే డైనమిక్, ఆలోచించకండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇది బాగా చూడండి. ఎస్ఎం58కి తలలోకి పాడతాం, ఇలా. స్టేజీ మీద అందరూ పాడేదీ అలాగే. ఈ ఏటీ2020 అలా కాదు. దీనికి పక్క నుంచి పాడాలి. నిటారుగా నిలబెట్టి, ఈ జాలీ ఉంది చూశారా, దాని ముఖంలోకి. నేను రెండు వారాలు దీని నెత్తిన పాడాను! గొంతు దూరంగా, దుప్పటి కప్పుకుని పాడినట్టు వచ్చేది. మైకు పాడైందనుకుని షాపుకి కూడా తీసుకెళ్లాను. ఆయన ఏమీ అనలేదు, మైకుని ఇలా పక్కకి తిప్పి ఇచ్చాడు. చాలా మైకుల్లో కంపెనీ గుర్తున్న వైపే ముందు వైపు. ఇది కార్డియాయిడ్, అంటే ముందు వైపు శబ్దమే బాగా పట్టే రకం, కాబట్టి వెనక వైపు తక్కువ వింటుంది. వినండి... ముందు. ఇప్పుడు నెత్తిన. మళ్లీ ముందు. తెలుస్తోందా?

గిటార్‌కైతే సౌండ్ హోల్ ఎదురుగా పెట్టకండి, బుం బుం అంటుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర, జానెడు దూరం. నేను బెత్తెలూ అంగుళాలూ కొలవను, చెయ్యి చాపి ఇలా జానెడు. పాట, గిటార్ ఒకేసారి, ఒకే మైకుతో కావాలంటే ఇంకాస్త వెనక్కి జరిపి, గడ్డం కిందకి. గొంతు తక్కువైతే మైకు పైకి, గిటార్ తక్కువైతే కిందికి.

హెడ్‌ఫోన్స్ చెవులు మూసేసేవి తీసుకోండి. ఓపెన్ బ్యాక్ అయితే, తాళం కోసం పెట్టుకునే క్లిక్ శబ్దం బయటికొచ్చి మైకులో పడుతుంది. బ్లూటూత్ వద్దు, గొంతు ఆలస్యంగా వినిపిస్తుంది, తాళం తప్పుతారు.

సాఫ్ట్‌వేర్ మీ ఇష్టం. నేను రీపర్ వాడతా, 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు. కంట్రోల్ ఆర్ కొడితే రికార్డ్, ఎస్ కొడితే రికార్డైనది అక్కడ రెండు ముక్కలవుతుంది. ఆ ఎస్ అలవాటై, ఇప్పుడు వర్డ్‌లో కూడా ఎస్ కొట్టేస్తున్నా. గెయిన్, అంటే పెట్టె మీద మైకు శబ్దం పెంచే నాబ్, ఎంత అంటే, గట్టిగా పాడినప్పుడు మీటర్ మైనస్ పది దగ్గర ఆడాలి. ఎరుపు వస్తే తగ్గించండి.

డబ్బు మిగిలితే రెండో మైకు కొనకండి ఇప్పుడే. గది మధ్యలో చప్పట్లు కొట్టండి. ట్రింగ్‌మని మోగిందా? ఆ మోతంతా పాటలోకి వస్తుంది. నేను బీరువా తలుపులు తెరిచి, మైకు వెనక వైపు బట్టలకేసి ఉండేలా పెట్టి, వీపు వెనక బొంత ఆరేసి పాడతా. ఫ్యాన్ ఆపేస్తా. మే నెలలో ఒక టేక్ అయ్యేసరికి చొక్కా పిండుకోవాలి, అది వేరే సంగతి.

ఇప్పుడు రెండు ముక్కలు వినిపిస్తా. మైకు అదే, పాట అదే. మొదటిది ఫ్యాన్ తిరుగుతూ, గది మధ్యలో. రెండోది బీరువా ముందు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ప్లే చేస్తున్నా.